తడబాట్ల పుస్తకం: ఖాళీ ఫైలుతో మొదలైన ఇమాక్స్ డైరీ

జూన్ 1, 2025, ఆదివారం

కోడ్ రాయడానికి నేను వాడే ఎడిటర్ ఇమాక్స్. తొమ్మిదేళ్లుగా పేరుకుపోయిన దాని కాన్ఫిగరేషన్‌ను, అంటే నా అమరికల ఫైలును, ఈ రోజు పక్కన పెట్టేశాను. అందులో 2,310 వరుసలు, 47 ప్యాకేజీలు (బయటివాళ్లు రాసిన అదనపు భాగాలు) ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఎప్పుడు, ఎందుకు చేర్చానో నాకే గుర్తు లేదు. ఎవరో గిట్‌హబ్‌లో పెట్టుకున్న ఫైలులో బాగుందనిపించిన ముక్కను తెచ్చి అతికించడం, అది మరొకదానితో పేచీ పడితే ఇంకో ముక్కను అడ్డం పెట్టడం, ఇలా పంచ మీద పంచ వేసుకుంటూ పెరిగిన ఇల్లు అది. మొన్న శుక్రవారం ప్యాకేజీలన్నిటినీ ఒకేసారి అప్‌డేట్ చేయగానే, టైపు చేస్తుండగా పేర్లను పూరించే సదుపాయం పూర్తిగా ఆగిపోయింది. కారణం వెతకడంలోనే సాయంత్రమైంది, చేయవలసిన పని సోమవారానికి జరిగింది. ఇమాక్స్ వాడేవారు ఈ స్థితికి చేరి అంతా చెరిపేసి మొదలుపెట్టడాన్ని ‘ఇమాక్స్ దివాలా’ అంటారు. మన వాడుకలో చెప్పాలంటే, నేను ఐపీ పెట్టేశాను.

కొత్త ఫైలు తెరవడానికి ముందు ఒక నియమం రాసుకున్నాను. కీబోర్డు పక్కన ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. పని చేస్తుండగా చేయి ఎక్కడ ఆగినా, కన్ను ఎక్కడ వెతుకులాడినా, ఆ సంగతిని అందులో ఒక వరుసగా రాయాలి. అదే తడబాటు మళ్లీ ఎదురైతే దాని పక్కన గీత గీయాలి. మూడు గీతలు పడే వరకు ఇనిట్ ఫైలును, అంటే ఇమాక్స్ లేవగానే చదివే అమరికల ఫైలును, ముట్టుకోకూడదు. మూడు పడిన తరువాత కూడా ముందుగా ఇమాక్స్‌లోనే ఉన్న సదుపాయం కోసం వెతకాలి, అది లేదని తేలితేనే బయటి ప్యాకేజీ జోలికి వెళ్లాలి. ప్రతి మార్పూ గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే పనిముట్టులో) విడి కమిట్‌గా, అంటే విడి నమోదుగా, ఉండాలి, నోటుపుస్తకంలోని వరుసే ఆ కమిట్‌కు సందేశం కావాలి. ఈ చివరి షరతు ఎందుకంటే, పాత ఫైలులో నన్ను ఎక్కువగా బాధించినది పనిచేయని వరుసలు కావు; ఎందుకున్నాయో తెలియక తీసేయడానికి ధైర్యం చాలని వరుసలు.

ఇంత తంటా పడేకంటే ఎడిటర్‌నే మార్చవచ్చు కదా అన్న ఆలోచన నాకూ రాకపోలేదు. నా పనిలో పైథాన్ కోడ్‌తో పాటు, తెలుగు పదబంధాలు నిండిన అనువాదాల జేసన్ ఫైళ్లు (పేరు, విలువ జతలుగా రాసే డేటా ఫైళ్లు) రోజూ చేతిలో ఉంటాయి. టెర్మినల్ తెర ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క గడి కేటాయించే పద్ధతి మీద నిర్మితమైనది కనుక అందులో మన వత్తులూ గుణింతాలూ తరచుగా విడిపోతాయి. అందువల్ల టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లు నాకు పనికిరావు. ఇమాక్స్ తన సొంత కిటికీలో, 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు లైబ్రరీ సాయంతో అక్షరాలను కలిపి చూపిస్తుంది. రెండో కారణం, దాన్ని నడుస్తుండగానే విప్పి చూడవచ్చు. 1985లో స్టాల్‌మన్ విడుదల చేసిన నాటి నుంచీ గ్నూ ఇమాక్స్ నిర్మాణం ఇదే: అడుగున, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపే, సీ భాషలో రాసిన ఒక ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది, దాని మీద ఎడిటింగ్ ఆదేశాలలో అత్యధికం లిస్ప్‌లోనే ఉంటాయి. కంట్రోల్-హెచ్ తరువాత కె నొక్కి ఏ మీటను నొక్కినా, దాని వెనుక ఉన్న ఆదేశం ఏదో, దాని మూలం ఎక్కడ ఉన్నదో అదే చెబుతుంది.

నా దగ్గర ఉన్నది 30.1 వెర్షన్. ఇనిట్ ఫైలులో ఈ రాత్రికి ఒకే ఒక్క మార్పు ఉంది: మెనూల ద్వారా మార్చిన అమరికలు ఇనిట్ ఫైలులో చొరబడకుండా వేరే ఫైలులోకి పోయేలా చేశాను.

జూన్ 4, బుధవారం

మూడు రోజులు బట్టతల లాంటి ఇమాక్స్‌తో పని చేశాను. తెల్లని తెర, పైన పాతకాలపు బొమ్మల పట్టీ, దేనికీ సహాయం లేదు. మొదటి రోజు చికాకుగా ఉన్నా, పుస్తకం నిండిన తీరు చూస్తే ఆ చికాకు వృథా కాలేదనిపిస్తున్నది.

నాకు ఆలస్యమంతా టైపు చేయడంలోనే జరుగుతున్నదని ఇన్నేళ్లూ అనుకున్నాను. పాత కాన్ఫిగరేషన్‌లో కోడ్ ముక్కలను పూరించే ప్యాకేజీలు మూడు ఉండడానికి కారణం అదే. మూడు రోజుల్లో పడిన 57 గీతలలో టైపు చేయడానికి సంబంధించినవి నాలుగే. కావలసిన ఫైలును వెతకడానికి 19, టెస్ట్ విఫలమైనప్పుడు ఆ వరుసకు చేరడానికి 14, తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు కీబోర్డు మార్చడానికి 11 పడ్డాయి. మిగిలినవి చిల్లర. నేను చదివే కోడ్ రాసే కోడ్ కంటే చాలా ఎక్కువ, వెతికే సమయం చదివే సమయాన్ని తినేస్తున్నది. పుస్తకం లేకపోతే ఈ సంగతి ఇంకో తొమ్మిదేళ్లకైనా నాకు తెలిసేది కాదు.

ఫైళ్ల వెతుకులాటకు బయటి ప్యాకేజీ అవసరం రాలేదు. కంట్రోల్-ఎక్స్, పి, ఎఫ్ నొక్కితే ప్రాజెక్టులోని ఫైళ్లన్నిటిలో వెతికే సదుపాయం ఇమాక్స్‌లోనే ఉన్నది. ఫిడో-వర్టికల్-మోడ్ చేరిస్తే ఆ జాబితా నిలువుగా, టైపు చేస్తున్న కొద్దీ వడపోతకు గురవుతూ కనిపిస్తుంది. ఆ మీటలూ ఈ మోడూ 28వ వెర్షన్‌లో వచ్చినవే అయినా, పాత ఫైలులో ఇదే పని కోసం నాలుగు ప్యాకేజీలు మోస్తూ వచ్చాను. ఇటీవల తెరిచిన ఫైళ్లను గుర్తుంచుకునే రీసెంట్‌ఎఫ్-మోడ్, మినీబఫర్‌లో (తెర అడుగున ప్రశ్నలు అడిగే వరుసలో) ముందు ఇచ్చిన సమాధానాలను గుర్తుంచుకునే సేవ్‌హిస్ట్-మోడ్ కూడా కలిపితే మొత్తం మూడు వరుసలు. 19 గీతల తడబాటు అక్కడితో దాదాపుగా పోయింది.

జూన్ 7, శనివారం

టెస్టుల సంగతి. నా అలవాటు పక్కన ఇంకో టెర్మినల్ తెరిచి, అందులో పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే పనిముట్టు) నడిపి, విఫలమైన వరుస సంఖ్యను కంటితో పట్టుకుని, ఎడిటర్‌లోకి వచ్చి ఆ ఫైలు తెరిచి, ఆ వరుసకు వెళ్లడం. ఈ మధ్యలో సంఖ్యను మరచిపోయి మళ్లీ టెర్మినల్‌కు వెళ్లిన సందర్భాలు పుస్తకంలో విడిగా ఐదు ఉన్నాయి. 137కు బదులు 173వ వరుసలో రెండు నిమిషాలు తప్పు వెతికిన ఘనత కూడా ఉన్నది.

ఇమాక్స్‌లోని కంపైల్ ఆదేశాన్ని సీ భాషవాళ్ల కోసమని నేను ఎన్నడూ పట్టించుకోలేదు. నిజానికి అది ఏ ఆదేశాన్నైనా నడుపుతుంది, దాని ముద్రణలో ఫైలు పేరు, వరుస సంఖ్య ఉన్న ఆకారాలను గుర్తుపడుతుంది. పైటెస్ట్ ఫైలు పేరు, కోలన్, వరుస సంఖ్య, కోలన్ అన్న పద్ధతిలో రాస్తుంది, పైథాన్ ట్రేస్‌బ్యాక్ (తప్పు జరిగిన దారిని చూపే ముద్రణ) మరో పద్ధతిలో రాస్తుంది. ఈ రెండు ఆకారాలూ దానికి ముందే తెలుసు, నేను నేర్పవలసినది ఏమీ లేకపోయింది. మెటా-జి (మెటా అంటే ఆల్ట్ మీట), ఎన్ నొక్కితే మొదటి తప్పు దగ్గర కర్సర్ వాలుతుంది, మళ్లీ నొక్కితే రెండవ దాని దగ్గరకు పోతుంది. నేను చేర్చినవి ఇవి: ఎఫ్5 మీటకు రీకంపైల్ (అదే ఆదేశాన్ని మళ్లీ నడపడం), మొదటి తప్పు కనిపించే వరకే ముద్రణ కిందికి జరిగేలా ఒక అమరిక, కొన్ని పనిముట్లు రంగుల కోసం ముద్రించే చిత్రవిచిత్ర సంకేతాలను నిజమైన రంగులుగా మార్చే ఒక హుక్ (ఏదైనా జరిగినప్పుడల్లా దానంతట అదే నడిచేలా తగిలించిన కోడ్). ఏ ప్రాజెక్టుకు ఏ టెస్ట్ ఆదేశమో ఆ ప్రాజెక్టు పై ఫోల్డర్‌లోనే డిర్-లోకల్స్ ఫైలులో రాసిపెట్టాను.

ఇప్పుడు ఎఫ్5 నొక్కడం, తప్పు దగ్గరకు దూకడం, సరిచేయడం, మళ్లీ ఎఫ్5. రెండో టెర్మినల్ తెరవడం మూడు రోజులుగా మానేశాను. ఈ ఆరు వారాల ప్రయోగం ఇక్కడితో ఆగిపోయినా నాకు గిట్టుబాటు అయినట్లే.

జూన్ 14, శనివారం

ఈ వారమంతా తెలుగుతోనే గడిచింది. ముందుగా ఫాంటు. కోడ్ కోసం పెట్టుకున్న సమవెడల్పు ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు కనుక ఇమాక్స్ సిస్టమ్‌లో దొరికిన ఏదో ఒకదాన్ని ఎంచుకుంటున్నది. సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ అనే ఆదేశంతో తెలుగు లిపి వరకు నోటో సాన్స్ తెలుగును కేటాయించాను. దానితో అక్షరాలు అందంగా వచ్చాయి గానీ, తెలుగు ఉన్న ప్రతి వరుసా పొరుగు వరుసల కంటే ఎత్తుగా లేచి, పేజీ అంతా గతుకుల రోడ్డులా తయారైంది. పైన తలకట్టూ గుడీ, కింద వత్తూ ఉన్న మన లిపికి నిలువు చోటు ఎక్కువ కావాలి, అది ఫాంటు తప్పు కాదు. ఫేస్-ఫాంట్-రీస్కేల్-అలిస్ట్ అనే జాబితాలో ఈ ఫాంటుకు 0.85 నిష్పత్తి ఇచ్చాక గతుకులు చాలావరకు సర్దుకున్నాయి. 0.8కి తగ్గిస్తే పూర్తిగా పోతాయి కానీ, రాత్రి పూట ‘ఘ’కూ ‘ఝ’కూ తేడా తెలియక కళ్లు లాగుతున్నాయి.

కీబోర్డు మార్పిడి అసలు సమస్య. ఇంతకాలం నేను ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికకు మారేవాడిని. అలా మారిన తరువాత ఫైలు భద్రం చేయడానికి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఎస్ నొక్కితే, ఎక్స్ మీట అనుస్వారంగానూ ఎస్ మీట ఏత్వంగానూ ఇమాక్స్‌కు చేరి, ఇలాంటి ఆదేశం లేదని మొహం మీద చెప్పేది. రోజుకు ఇరవై సార్లు ఈ మాట వినిపించుకున్న నేను, ఇమాక్స్‌లో సొంతంగా తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో రాసే తెలుగు ఐట్రాన్స్ అనే రెండు నివేశ పద్ధతులు ఉన్నాయని ఈ వారమే చూశాను. కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో మారే ఆ పద్ధతి బఫర్‌లో (తెరిచిన ఫైలు పాఠ్యంలో) అక్షరాలు పడడానికి మాత్రమే వర్తిస్తుంది, ఆదేశాల మీటలు ఇంగ్లీషులోనే ఉండిపోతాయి. పైగా ప్రతి బఫర్‌కూ దాని స్థితి దానిదే. అనువాదాల ఫైలులో తెలుగు, పక్కనే ఉన్న పైథాన్ ఫైలులో ఇంగ్లీషు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వెతుకులాట మొదలుపెట్టాక కూడా అదే మీటతో తెలుగుకు మారవచ్చు. 11 గీతల బాధకు మందు ఒక్క వరుస.

ఆ పద్ధతిలో ఒక లోటు నా వరకు మిగిలింది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారిపోకుండా ఆపే అదృశ్య అక్షరానికి, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్‌కు, నా చేతికి అందే చోట ఒక మీట కావాలి. క్వెయిల్-డెఫ్‌రూల్ ఆదేశంతో, వెంటవెంటనే రెండు కామాలు నొక్కితే అది పడేలా రాశాను. ఇనిట్ ఫైలులో నేరుగా పెడితే అలాంటి క్వెయిల్ (నివేశ పద్ధతుల) ప్యాకేజీ లేదని ఇమాక్స్ మొదట్లోనే ఆగిపోయింది. ఆ నివేశ పద్ధతి మొదటిసారి వాడినప్పుడు గానీ లోడ్ కాదు, నా వరుస అంతకు ముందే నడుస్తున్నది. లోడ్ అయిన తరువాతే నడిచేలా చుట్టి రాస్తే సరిపోయింది.

చెరపడంలోని సూక్ష్మం కూడా ఇక్కడ రాసి ఉంచుతాను. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం, కర్సర్ కూడా దాన్ని ఒక్క గెంతులో దాటుతుంది. లోపల అది ఆరు యూనికోడ్ అక్షరాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. యూటీఎఫ్-8లో 18 బైట్లు. బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి గుడి ఒక్కటే పోతుంది, డిలీట్ నొక్కితే ఆరూ కలిసి పోతాయి. ఈ రెండు పద్ధతులూ సమంజసమే కానీ, మధ్యలో ఉన్న ‘త’ను మాత్రమే మార్చాలంటే దారి లేక మొత్తం చెరిపి మళ్లీ కొట్టేవాడిని. 29వ వెర్షన్‌లో వచ్చిన కంపోజిషన్-బ్రేక్-ఎట్-పాయింట్ అనే అమరిక, కర్సర్ ఉన్న చోట మాత్రం కలయికను తాత్కాలికంగా విడదీసి లోపలికి దారి ఇస్తుంది. ఎప్పుడూ పెట్టి ఉంచితే, కర్సర్ కదిలిన ప్రతిచోటా అక్షరాలు విడిపోతూ కలుస్తూ చదవడం కష్టమైంది. అందువల్ల ఎఫ్7 నొక్కినప్పుడే అది పనిచేసేలా, మళ్లీ నొక్కితే ఆగేలా పెట్టుకున్నాను.

జూన్ 18, బుధవారం

ఈ రోజు తప్పు నాదే.

సోమవారం ఒక టెస్ట్ విఫలమైంది. రావలసిన మాట ‘ఫైల్’, వచ్చిన మాటా ‘ఫైల్’, అయినా రెండూ సమానం కావని టెస్ట్ మొండికేసింది. పొల్లు మీద కర్సర్ ఉంచి, కంట్రోల్-యు చేర్చి కంట్రోల్-ఎక్స్, ఈక్వల్ నొక్కి చూస్తే, ఒకదాని చివర ఆ అదృశ్య అక్షరం అంటుకుని ఉన్నది. ‘ఫైల్‌లో’ అన్న మాటలోని ‘లో’ను ఎవరో చెరిపినప్పుడు దాని ముందున్నది మిగిలిపోయి ఉంటుంది. తెలుగు అక్షరం వెంట లేనప్పుడు దానికి అక్కడ పనే లేదు కనుక, ఫైలును భద్రం చేసే ముందు అలాంటివాటిని ఏరివేసే చిన్న ఫంక్షన్ రాశాను. ఇమాక్స్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (పాఠ్యంలో ఆకారాలను వెతికే సూత్రాలలో) ముందున్నదాన్ని చూసి మాత్రమే వదిలేసే సదుపాయం లేదు. అందువల్ల తరువాతి అక్షరాన్ని కూడా పట్టుకుని, తిరిగి దాన్ని అక్కడే పెట్టవలసి వచ్చింది.

ఫంక్షన్ బాగానే ఉన్నది, తగిలించిన చోటే తప్పు. జేసన్ మోడ్ మొదలైనప్పుడు ఈ ఫంక్షన్‌ను బిఫోర్-సేవ్-హుక్‌కు చేర్చమన్నాను. అలా చేర్చేటప్పుడు చివర టీ అనే ఆర్గ్యుమెంట్ ఇస్తేనే అది ఆ బఫర్‌కు పరిమితమవుతుంది. అది ఇవ్వడం మరిచాను. దానితో ఒక్క జేసన్ ఫైలు తెరిచిన క్షణం నుంచి, నేను భద్రం చేసిన ప్రతి ఫైలూ ఈ శుద్ధికి గురైంది. వాటిలో పర్షియన్ పాఠ్యాన్ని పరీక్షించే టెస్ట్ డేటా ఫైలు ఒకటి ఉన్నది. ఆ భాషలో ఇదే అక్షరం పదాల మధ్యలో ఆవశ్యకం. దాని తరువాత వచ్చేది తెలుగు అక్షరం కాదు కనుక నా ఫంక్షన్ అన్నిటినీ తుడిచిపెట్టింది. నేను ఆ ఫైలులో మార్చదలచినది ఒక్క వరుస, మార్పులను చూపే డిఫ్‌లో ఎర్రబడినవి 212 వరుసలు. కమిట్ చేసే ముందు డిఫ్ చదివే అలవాటు ఉండబట్టి బయటికి పోలేదు.

టీ చేర్చాను. దానితో పాటు, ఏదైనా తీసినప్పుడు ఎన్ని తీసిందో కింద ఒక మాట చెప్పేలా మార్చాను. చడీచప్పుడు లేకుండా ఫైలును దిద్దే పనిముట్టును నేను రాసినా నమ్మకూడదని పుస్తకంలో వేరే పేజీలో రాసుకున్నాను.

జూన్ 24, మంగళవారం

‘ఈ ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ పిలుస్తున్నారు’ అన్న వరుసకు తొమ్మిది గీతలు పడ్డాయి కనుక, కోడ్‌ను విశ్లేషించి ఎడిటర్‌కు సమాధానాలిచ్చే లాంగ్వేజ్ సర్వర్ వంతు వచ్చింది. ఎడిటర్, సర్వర్ మాట్లాడుకోవడానికి మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన ప్రోటోకాల్ (మాటల పద్ధతి) రాకముందు, ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాష కోసం విడిగా తెలివితేటలు రాయవలసి వచ్చేది. ఇప్పుడు భాషకు ఒక సర్వర్ ఉంటే, ఆ ప్రోటోకాల్ మాట్లాడగల ఏ ఎడిటరైనా దాన్ని వాడుకుంటుంది. ఇమాక్స్ వైపు ఆ మాటలు మాట్లాడే ఎగ్లాట్ 29వ వెర్షన్ నుంచి దానిలోనే భాగం. పైథాన్ సర్వర్ అయిన పైరైట్‌ను స్థాపించి, పైథాన్ మోడ్‌కు ఎగ్లాట్ తగిలిస్తే, నిర్వచనానికి వెళ్లడం, పిలుపులన్నిటినీ చూడడం, ప్రాజెక్టు అంతటా పేరు మార్చడం మరో అమరిక లేకుండానే పనిచేశాయి.

ఇబ్బంది దాని అతి వాగుడుతో వచ్చింది. కర్సర్ ఏ పేరు మీద ఆగినా దాని వివరణ కింద పది వరుసలుగా విచ్చుకుని, తెరలోని కోడ్ పైకి కిందికి గెంతుతుంటుంది. ఈ వివరణలు చూపే ఎల్‌డాక్‌లో బహువరుసల అమరికను తీసేస్తే అది ఒక్క వరుసకు కుదించుకుంది. సర్వర్‌తో జరిగే ప్రతి సంభాషణనూ దాచిపెట్టే చిట్టా పరిమాణాన్ని సున్నా చేశాను.

ఒక పక్క విషయం. ఈ ప్రోటోకాల్‌లో స్థానాలను మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కపెడతారు. తెలుగు అక్షరాలన్నీ అందులో ఒక్కొక్క యూనిటే కనుక, తెలుగు ఉన్న వరుసలో లెక్క తప్పుతుందేమోనన్న నా భయం ఉత్తదేనని తేలింది. లెక్కకు చిక్కు తెచ్చేవి రెండేసి యూనిట్లు పట్టే ఎమోజీలు.

ట్రీ-సిట్టర్ అనే కోడ్ విశ్లేషకం ఆధారంగా నడిచే పైథాన్ మోడ్‌ను కూడా ఇదే ఊపులో పెట్టబోయి ఆగాను. రంగులు సరిగా పడలేదని పుస్తకంలో ఒక్క గీత కూడా లేదు.

జూన్ 29, ఆదివారం

మా జట్టులోని కుర్రవాడొకడు వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్ వాడతాడు. శుక్రవారం అనువాదాలలోని ఒక కీ పేరు నలభై ఫైళ్లలో మార్చవలసి వచ్చినప్పుడు, నేను లిస్ప్ ఫంక్షన్ రాయడానికి ఉపక్రమించేలోగా అతను వెతికి మార్చే పట్టీలో ఆ పని ముగించి, “అన్నా, అయిపోయింది. మీరింకా ఎడిటర్ తయారు చేస్తున్నారా?” అన్నాడు. సమాధానం లేదు. ఇంటికి వచ్చి వెతికితే, కంట్రోల్-ఎక్స్, పి, ఆర్ నొక్కి ప్రాజెక్టు అంతటా అదే పని చేయవచ్చునని, ఒక్కొక్క చోటా అడగకుండా మిగిలిన ఫైళ్లన్నిటిలో మార్చేయమని చెప్పడానికి పెద్ద వై నొక్కితే చాలునని తెలిసింది. ఇన్నేళ్లలో నేను ప్యాకేజీల పరిచయ పత్రాలు చదివినన్ని గంటలు ఇమాక్స్ సొంత మాన్యువల్ చదవలేదు.

అందుకే ఈ వారం కొత్త వరుసలు రాయకుండా నా చేతులను గమనించాను. కంట్రోల్-హెచ్, ఎల్ నొక్కితే చివరగా కొట్టిన 300 మీటలు కనిపిస్తాయి. అందులో కంట్రోల్-ఎన్ ఇరవై ఎనిమిది సార్లు వరుసగా ఉన్న చోటు ఒకటి కనిపించింది. కళ్లకు కనిపిస్తున్న పదం దగ్గరకు ఒక్కొక్క వరుసే దిగుతూ నడిచి వెళ్లాను. కంట్రోల్-ఎస్ నొక్కి ఆ పదంలోని మూడు అక్షరాలు కొడితే చేరగలిగిన దూరం అది. దీనికి కాన్ఫిగరేషన్ మందు లేదు, కీబోర్డు మీద చిన్న చీటీ అతికించుకున్నాను.

క్యాప్స్ లాక్ మీటను సిస్టమ్ స్థాయిలోనే కంట్రోల్‌గా మార్చాను. ఎడమ చిటికెన వేలి నొప్పి పుస్తకంలో మూడు గీతలు దాటి చాలా రోజులైంది. మొదటి రెండు రోజులు పాత అలవాటు కొద్దీ చేయి మూలకే పోయింది, ఇప్పుడు సర్దుకుంది. రిపీట్-మోడ్ కూడా పెట్టాను. దానివల్ల తరువాతి కిటికీకి వెళ్లడానికి ఒకసారి కంట్రోల్-ఎక్స్, ఓ నొక్కాక, ఆ తరువాత ఒట్టి ఓ నొక్కుతూ పోతే చాలు; తప్పు నుంచి తప్పుకు దూకేటప్పుడు ఒట్టి ఎన్ చాలు.

జూలై 5, శనివారం

పాత కాన్ఫిగరేషన్‌లో రెండు మూడు నిమిషాలకు ఒకసారి తెర ఒక క్షణం బిగుసుకుపోయేది. కొత్తదానిలో అది లేదు. ప్యాకేజీలు తగ్గినందువల్ల కావచ్చునని వదిలేయకుండా, పాతదాన్ని మళ్లీ తెరిచి, చెత్త ఏరివేత జరిగినప్పుడల్లా తెలిపే అమరికను పెట్టి చూశాను. బిగుసుకున్న ప్రతిసారీ ఆ సందేశమే వచ్చింది. కారణం ఫైలులో రెండో వరుసే. ఇమాక్స్ మామూలుగా దాదాపు 800,000 బైట్లు కేటాయింపు జరిగినప్పుడల్లా వాడని మెమరీని ఏరివేస్తుంది. ఆరంభం వేగంగా జరగాలని ఆ హద్దును 500 మెగాబైట్లకు పెంచమని ఎక్కడో చదివి పెట్టాను, ఆరంభం ముగిశాక తిరిగి తగ్గించే రెండో సగాన్ని అతికించడం మరిచాను. చెత్త కొండలా పేరుకున్నాక ఒకేసారి ఊడ్చవలసి వస్తే క్షణాలు పట్టక ఏమవుతుంది? ఆరంభంలో ఒక సెకను మిగుల్చుకుని రోజంతా కంతులు కట్టాను.

కొత్త ఫైలులో ఆ హద్దును ముట్టుకోలేదు. ఆరంభానికి 0.9 సెకను పడుతున్నది, పాతదానికి 6.8 పట్టేది. అయినా లాగిన్ కాగానే ఇమాక్స్ డీమన్‌గా (తెర లేకుండా వెనుక నడిచే ప్రోగ్రాముగా) లేచి, ఫైలు తెరవమన్నప్పుడు ఇమాక్స్ క్లయింట్ కిటికీ మాత్రం తెరిచేలా పెట్టుకున్నాను కనుక ఆ సెకను కూడా లెక్కలోకి రావడం లేదు. డీమన్ పెట్టిన మరుసటి ఉదయం తెలుగు ఫాంటు మాయమైంది. గ్రాఫిక్ తెర ఉన్నప్పుడే ఫాంటు పెట్టమని షరతు రాశాను, డీమన్ లేచే వేళకు ఏ తెరా ఉండదు. ఆ ముక్కను సర్వర్-ఆఫ్టర్-మేక్-ఫ్రేమ్-హుక్‌లోకి మార్చాను.

జూలై 12, శనివారం

ఆరు వారాలు ముగిశాయి. ఇనిట్ ఫైలులో 171 వరుసలు ఉన్నాయి, బయటి ప్యాకేజీలు రెండు. వాటిలో మాగిట్ ఒకటి. గిట్ పని కోసం దాన్ని రెండో వారంలోనే చేర్చాను, దాని గురించి ఇక్కడ రాయడానికి చిక్కేమీ రాలేదు. రెండోది మార్క్‌డౌన్ మోడ్. మొదటి మూడు రోజుల్లో 57 గీతలు పడిన చోట ఈ వారం మొత్తానికి 9 పడ్డాయి. ఇందులో కొంత నా చేతికి అలవాటు పెరిగినందువల్ల తగ్గినదే, ఇనిట్ ఫైలు ఖాతాలో మొత్తం వేయడం న్యాయం కాదు.

పాత ఫైలు నుంచి తిరిగి తెచ్చుకోవలసి వచ్చిన వరుసలు పదకొండు. మిగిలిన 2,299 వరుసలు లేవని ఈ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అనిపించలేదు. పాత ఫోల్డర్‌ను మాత్రం ఇంకా చెరపలేదు.

తేలని సంగతి ఒకటి మిగిలింది. ఇంగ్లీషు కీలు ఎడమవైపు, తెలుగు మాటలు మధ్యలో, వ్యాఖ్యలు కుడివైపు నిలువు వరుసలుగా ఉన్న పట్టికలు రాసేటప్పుడు కుడి అంచు ఎప్పుడూ పాములా వంకర తిరుగుతున్నది. తెలుగు అక్షరాల వెడల్పు ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు, ఖాళీలతో వరుస కుదిర్చే పద్ధతి గడులున్న లిపికే తగినది. ట్యాబ్ స్థానాలను పిక్సెళ్లలో లెక్కించి చూపించే మార్గం ఇమాక్స్ తెరకు తెలుసు, దానిని లిస్ప్‌లో రాయడానికి నాకు బహుశా రెండు ఆదివారాలు పడుతుంది. నోటుపుస్తకంలో దాని పక్కన ఇప్పటికి రెండు గీతలే ఉన్నాయి.